కుట్టు విప్పే చేయి

ప్రొద్దుటూరు బంగారు బజారులో షట్టర్లు లేవకముందే వెనక సందులో దర్జీ మాబున్ని అంగడి తెరుచుకుంటుంది. పగలంతా అక్కడ జాకెట్లు కుడతారు. పొద్దున పూట మాత్రం కళ్ళు విప్పుతారు.

అంగడి ముందు పొడుగాటి బల్ల ఒకటుంది. పొద్దున్నే దాని మీద ఆడవాళ్ళు, అప్పుడప్పుడు మగవాళ్ళు కూడా, ఒక కన్ను మూతపడి కూర్చుని ఉంటారు. పక్కింటివాళ్ళు కారు కొన్నారనో, తోడికోడలి కూతురికి మెడిసిన్ సీటు వచ్చిందనో ముందురోజు వాళ్ళకు కళ్ళు కుట్టి ఉంటాయి. తెల్లవారేసరికి పై రెప్పకూ కింది రెప్పకూ దారం పడుతుంది. సన్నగా, గట్టిగా ఉంటుంది ఆ దారం. పడేటప్పుడు నొప్పి ఉండదు, అద్దంలో చూసుకుంటేనే తెలుస్తుంది. ముఖం కడుక్కుని, పిల్లలకు క్యారియర్లు కట్టి, ఆటో ఎక్కి మాబున్ని దగ్గరికి వస్తారు. అక్షయ తృతీయ మరుసటి రోజు బల్ల చాలక మెట్ల మీద కూడా కూర్చుంటారు.

సమానత్వం అనే మాటను ఈ ఊళ్ళో గోడల మీద చదవడమే తప్ప ఎవరూ కళ్ళతో చూసింది లేదు. చూడాలంటే ఆ బల్ల దగ్గరికి రావాలి. నగల అంగడి యజమాని కాశీవిశ్వనాథం భార్య కనకమ్మ, అదే అంగడి మెట్లు తుడిచే సంజీవమ్మ అక్కడ పక్కపక్కనే ఒంటికన్నుతో కూర్చుంటారు. ఈ ఊరిని నడిపేది బంగారం కాదు, బంగారం లేనివాళ్ళ చూపు. ఆ చూపు కోసమే అద్దాల వెనక అన్ని దీపాలు వెలిగిస్తారు. ఆ దీపాల ఖర్చు కూడా చివరికి చూసేవాళ్ళ నెత్తినే పడుతుంది.

కుట్టు విప్పే పద్ధతి ఒక్కటే. ఎవరిని చూసి కుట్టిందో చెప్పాలి, ఏం చూసి కుట్టిందో చెప్పాలి. రెండూ నిజమైతే ముడి వదులవుతుంది. అప్పుడు మాబున్ని కొక్కెం సూదితో దారం లాగి పక్కనున్న కుంపట్లో వేస్తుంది. అబద్ధమైతే ముడి ఇంకా బిగుసుకుంటుంది. ఓపిక లేక కత్తెర పెడితే, కోసిన దారం ఒకటికి రెండై మొలుస్తుంది.

"చెప్పు కనకమ్మా, ఎవరు?" అంది మాబున్ని ఒక రోజు.

"మా ఆడబిడ్డ."

"ఏం చూసి?"

"దాని వడ్డాణం చూసి."

మాబున్ని దారం లాగి చూసింది. "వడ్డాణం కాదు. సరిగ్గా చెప్పు."

కనకమ్మ గొంతు తగ్గించింది. "దాని మొగుడు దాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. మా ఆయన పెండ్లయిన కాడ్నించి ఏయ్ అనే పిలుస్తాండాడు."

దారం సులువుగా జారి వచ్చింది. పక్కనున్న సంజీవమ్మ, "మా ఆయన నన్ను శానా పేర్లు పెట్టి పిలుస్తాడమ్మా. కావాలంటే రెండు మూడు నువ్వు తీసుకో" అంది. బల్లంతా నవ్వింది. కనకమ్మ కూడా నవ్వింది.

లోపల మగ్గం పని చేసేది ఇద్దరు అక్కచెల్లెళ్ళు, కళ్యాణి, మల్లిక. వాళ్ళది ముద్దనూరు దగ్గర పల్లె. తండ్రి యల్లయ్యకు గొర్రెలున్నాయి. మేపే బీళ్ళు తగ్గి మంద సగమయ్యాక కూతుళ్ళిద్దరినీ మాబున్ని దగ్గర పనిలో పెట్టాడు. ఇద్దరూ అదే సందులో ఒక గదిలో ఉంటారు.

పనిలో కళ్యాణి గొప్పది. జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ పెళ్ళి జాకెట్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవి. ఆమె వేసిన నెమలిని ముట్టుకుంటే ఎగిరిపోతుందేమోనని పెళ్ళికూతుళ్ళు చేయి వెనక్కి తీసుకునేవాళ్ళు. మల్లిక నెమలి వేస్తే కోడిలా ఉండేది. "ఇది పెండ్లి జాకెట్టుకా, పెండ్లి భోజనానికా?" అని మాబున్ని ఎగతాళి చేసేది. మల్లిక కూడా పడీ పడీ నవ్వేది.

మల్లికకు మాత్రం ఎన్నడూ కళ్ళు కుట్టలేదు. ఆ మాట బజారంతా చెప్పుకునేది. కళ్యాణికి చాలాసార్లు కుట్టాయి. పక్క అంగడి తస్లీమా పనితనం చూసి ఒకసారి, ఒక పెళ్ళికూతురి వీపు చూసి ఇంకోసారి. ప్రతిసారీ మాబున్ని ముందు కూర్చుని, పేరు చెప్పి, విప్పించుకుని పనిలో కూర్చునేది.

ఆ ఏడాది మాబున్ని చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒక మనిషి రెప్ప మీద రక్తపు బొట్టు కనబడగానే ఆమె సూది కింద పెట్టేసింది. ఆ సూది ఎవరి చేతికి వస్తే అంగడి వాళ్ళది. ఊరి గుట్టంతా వాళ్ళ చెవిలో ఉంటుంది, కనకమ్మలు కూడా వాళ్ళ ముందు గొంతు తగ్గిస్తారు. అది తనకేనని కళ్యాణి అనుకుంది. అందరూ అట్లే అనుకున్నారు.

మాబున్ని ఆ సూదిని మల్లిక చేతిలో పెట్టింది.

"అక్కకు గదా ఇయ్యల్ల?" అంది మల్లిక.

"దానిది కుట్టే చేయి. నీది విప్పే చేయి. రెండూ ఒకటి కావు మే."

మరుసటి పొద్దున కళ్యాణి ఎడమ కన్ను తెరుచుకోలేదు.

"విప్పనా అక్కా?" అంది మల్లిక.

"నాకేం కుట్టలేదు. కండ్లకలక."

మాబున్ని కుంపటి ఊదుతూ, "కలకైతే నీళ్ళు కారతాయి, దారం కారదు" అంది.

కళ్యాణి మగ్గం వైపు తిరిగింది. ఇప్పుడు ఊళ్ళో కుట్టు విప్పేది ఒక్క మల్లికే. విప్పించుకోవాలంటే ఆ మల్లిక ముఖం మీదే మల్లిక పేరు చెప్పాలి. దానికన్నా కన్ను పోయినా పరవాలేదనిపించింది.

పులివెందులలో కళ్ళ డాక్టరు ఉంటే ఆయన దగ్గరికి పోయింది. ఆయన మొదట, "ఇది మా చదువులో లేదమ్మా. నాకు పడితే నేనూ ప్రొద్దుటూరే పోతా" అన్నాడు. ఆమె మొండికేసి కూర్చుంటే చివరికి కత్తెర పెట్టాడు. వెనక్కి వచ్చే బస్సు ముద్దనూరు చేరేలోపే దారం రెండింతలైంది. ఇంకో రెండు రోజులకు కుడి కంటి కొసన కూడా ఒక కుట్టు పడింది.

కుడి కంట్లో మిగిలిన సందులోంచి చూస్తూనే ఆమె పని చేసింది. నెమలి మెడ వంకరపోయింది. జమ్మలమడుగు పెళ్ళివాళ్ళు జాకెట్టు తిప్పి పంపారు. రోజూ ఒక కుట్టు ముందుకు జరుగుతోంది. కళ్ళు లేకుంటే మగ్గం పని చేసే మనిషి ఊరికెళ్ళి గొర్రెలు కూడా కాయలేదు. అదే సమయంలో బయట బల్ల మీద నుంచి మాటలు వినబడేవి: మల్లిక చేయి పూవులాగుంటుందనీ, కుట్టు విప్పినట్టే తెలియదనీ. విన్న ప్రతిసారీ రెప్ప దగ్గర చల్లగా ఏదో కదిలేది.

ఒక మధ్యాహ్నం, బల్ల ఖాళీ అయ్యాక, కళ్యాణి గోడ పట్టుకుని వచ్చి చెల్లెలి ముందు కూర్చుంది.

"ఎవరక్కా?" అని మెల్లగా అడిగింది మల్లిక.

"నువ్వే."

"ఏం చూసి?"

"ఆ సూది నీకు ఇచ్చేది చూసి."

ముడి బిగిసింది. కళ్యాణి పళ్ళు బిగపట్టింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నీకు కుట్టదు. అది చూసి. వాళ్ళను చూసి, వీళ్ళను చూసి, కుళ్ళికుళ్ళి నేను ఈ పని నేర్చుకుంటిని. నీకు ఎవరి మీదా ఏమీ ల్యా. పండుకుంటే చంటిబిడ్డ మాదిరి నిద్రపోతావు. నాకు ఆ నిద్ర ఎట్లుంటాదో తెలీదు."

దారం కొంచెం కదిలి, ఆగిపోయింది. మల్లిక చేయి కూడా ఆగిపోయింది.

"అక్కా, మాబున్నమ్మ ఒక మాట చెప్పింది. లేనిదాన్ని ఉందనుకోని కుళ్ళుకుంటే ముడి దొరకదంట. ఎంత నిజం చెప్పినా రాదంట." ఆమె కళ్యాణి వేలు పట్టుకుని తన రెప్ప మీద పెట్టుకుంది. కుట్టు విప్పిన బట్ట మీద మిగిలినట్టు, వెంట్రుకల మొదట్లో చిన్నచిన్న రంధ్రాలు వరుసగా తగిలాయి. "రోజూ పొద్దున, నువ్వు లేవకముందు, అద్దం ముందర నిలబడి నేనే తీసుకుంటా. పేరు మనసులో చెప్పుకుంటా. ఎప్పుడూ ఒకటే పేరు. నీ నెమళ్ళు చూసి. ఈ పని నాకు ఎట్ల వచ్చిందనుకుంటాండావు?"

కళ్యాణి రెప్పల మీద దారం దానంతటదే వదిలి ఒళ్ళో చుట్టగా పడింది.

మల్లిక ఏడుస్తూ దాన్ని కుంపట్లో వేయడం మరిచిపోయింది. కళ్యాణి దాన్ని కొంగున ముడివేసుకుంది.

ఆ సాయంత్రం కళ్యాణి మూర మల్లెపూలు కొని చెల్లెలి తలలో పెట్టింది. ఇద్దరూ చిన్నప్పటి గొర్రెల పేర్లు చెప్పుకుని నవ్వుకున్నారు. కళ్యాణి ఒంట్లో తీపి ఏదో పాకింది. ఇన్నేళ్ళూ తనను చూసి ఒకరు కుళ్ళుకున్నారు. రోజూ. ఎవరిని చూసీ కుట్టని మల్లికకు తనను చూసి కుట్టింది. ఏ నగల అంగడి అద్దం వెనకా అంత మెరిసే వస్తువు లేదనిపించింది.

మరుసటి పొద్దున చూడాలని ముందే లేచి, దుప్పటి సందులోంచి చూసింది. మల్లిక అద్దం దగ్గరికి పోయింది. రెప్ప తడుముకుంది. రెండో రెప్ప తడుముకుంది. వెనక్కి తిరిగి నవ్వింది.

"పడలా అక్కా. నోరు తెరిచి నీకు చెప్పినాక పోయినట్టుంది."

"మంచిదే గదా" అంది కళ్యాణి.

తర్వాతి రోజు కూడా పడలేదు. ఆ తర్వాత కూడా.

కళ్యాణి మగ్గం మీద వంగింది. అంతకుముందు ఎన్నడూ వేయనంత గొప్ప నెమలిని వేసింది. మెడ మీద నీలం దారం వెలుతురుకు ఆకుపచ్చగా, నీడకు నల్లగా మారుతోంది. పూర్తయ్యాక మల్లికను పిలిచి చూపించింది. బట్టను కాదు, మల్లిక కళ్ళను చూస్తూ నిలబడింది.

"శానా బాగుందక్కా."

"అంతేనా? చూస్తే ఏమీ అనిపించలా?"

"సంతోషమనిపించింది."

ఆ కళ్ళలో నిజంగా సంతోషమే ఉంది, ఇంకేమీ లేదు. చెంప మీద కొట్టినా కళ్యాణికి అంత మండేది కాదు.

మధ్యాహ్నం భోజనం చేసి మల్లిక బట్టల మూటల మీద నిద్రపోయింది. మాబున్ని ఇంటికి పోయింది. కళ్యాణి కొంగు ముడి విప్పి, ఆ దారాన్ని సన్నసూదికి ఎక్కించింది. ఆ దారం పడేటప్పుడు నొప్పి ఉండదు. చెల్లెలి తల ఒళ్ళోకి తీసుకుని ఒక్కో కుట్టూ వేసింది. కుట్టుకూ కుట్టుకూ మధ్య గింజంత తేడా లేదు. ముడి రెప్ప కిందికి పోనిచ్చి దాచింది. తన జీవితంలో అంత నాణ్యమైన పని ఎప్పుడూ చేయలేదని ఆమెకే అనిపించింది.

"అక్కా, కరెంటు పోయిందా?" అంది మల్లిక నిద్రలేచి. చీకటి కరెంటుది కాదని రెప్పలు తడుముకున్నాక తెలిసింది. ఆ కుట్లు ఎవరి చేతివో కూడా తెలిసింది.

పొద్దున మాబున్ని తానే మల్లిక ముందు కూర్చుంది. "చెప్పు మల్లీ, ఎవరు?"

"కళ్యాణక్క."

"ఏం చూసి?"

"చూసి కాదమ్మా. అక్కే కుట్టింది."

మాబున్ని వణికే చేత్తో దారం కొస పట్టి లాగింది. ముడి కదల్లేదు. బల్ల మీద నుంచి కనకమ్మ, "అందరమూ మొదట అట్లే అంటాం తల్లీ, వాళ్ళే కుట్టినారని. నిజం చెప్పు, ఊడిపోతాది" అంది. మల్లిక మళ్ళీ అదే చెప్పింది. ముడి మళ్ళీ కదల్లేదు. ఆమె అబద్ధం చెబుతోందని అందరికీ అర్థమైంది.

సూది కళ్యాణి చేతికి వచ్చింది. ఆమె కూడా బాగానే విప్పింది. కాస్త నొప్పి పెడుతుందని అన్నవాళ్ళు ఉన్నారుగానీ వాళ్ళూ అలవాటుపడ్డారు. మల్లిక లోపల కూర్చుని తడుముతూ పూసలు ఏరేది. రోజూ బల్ల ఖాళీ అయ్యేముందు కళ్యాణి చెల్లెల్ని చేయిపట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి, "ఎవరమ్మా?" అని అడిగేది. మల్లిక రోజూ నిజమే చెప్పేది. ముడి రోజూ కదిలేది కాదు. "చెప్పకుంటే చెప్పకుండు, నేను చూసుకుంటాలే" అని ఆమె నోటికి ముద్ద అందించేది. చూసేవాళ్ళు మిగిలిన ఒక్క కన్నూ ఒత్తుకునేవాళ్ళు. తన మీద కుళ్ళుకున్న మనిషికి అన్నం తినిపించే అక్క ఎవరికుంటుంది?

ఒక పొద్దున సంజీవమ్మ ఒక కన్ను మూతపడి వచ్చింది.

"ఎవరు?" అంది కళ్యాణి.

"చెప్పుకుంటే సిగ్గు. మీ మల్లిక."

బల్ల మీద ఎవరో నవ్వారు. కళ్యాణి కూడా నవ్వింది. "పాపం, దాన్ని చూసి ఏముంది కుళ్ళుకోను?"

"నిన్ను చూసి తల్లీ. ఇట్ల చూసుకునే అక్క ఉండేది చూసి. మా అక్క నాకు జరమొస్తే గుక్కెడు నీళ్ళియ్యలా."

కళ్యాణి దారం లాగింది. రాలేదు. వేలికి చుట్టుకుని ఇంకొంచెం గట్టిగా లాగింది.

"సరిగ్గా చెప్పు సంజీవమ్మా."

"ఇంకేం చెప్పల్ల? మా అమ్మతోడు, ఇదే నిజం. రాత్రంతా ఇదే తలుచుకోని ఏడ్చినా."

సంజీవమ్మ అబద్ధమాడే మనిషి కాదని బల్లంతటికీ తెలుసు. కళ్యాణి మళ్ళీ లాగింది. సంజీవమ్మ నొప్పితో ఆమె మణికట్టు పట్టుకుంది. ముడి కొక్కేనికి దొరకడమే లేదు.

లేనిదాన్ని ఉందనుకుని కుళ్ళుకుంటేనే ముడి దొరకదు. కుంపటి ఊదుతున్న మాబున్ని ఆగిపోయింది. కళ్యాణి ముఖంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, లోపల పూసలు ఏరుతున్న మల్లిక దగ్గరికి పోయి, ఆమె రెప్పల మీద వేళ్ళు ఆనించింది. ఒక్కో కుట్టునూ తడిమింది. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. గింజంత తేడా లేని కుట్లు. కళ్యాణికి ఆ కొలత ఆమే నేర్పింది.

మల్లికను చేయిపట్టుకుని బయటికి తెచ్చి బల్ల మీద అందరి మధ్యా కూర్చోబెట్టింది.

"కత్తెర తే" అంది కళ్యాణితో.

"కత్తెర పెడితే రెండింతలు మొలుస్తాది గదమ్మా" అంది కనకమ్మ భయపడుతూ.

"తనంతట పడిందైతే మొలుస్తాది. చేత్తో కుట్టిందైతే మొలవదు."

కళ్యాణి కదల్లేదు. మాబున్ని తానే లోపలికి పోయి, బట్టలు కత్తిరించే కత్తెర తెచ్చి, ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నా చేయి వణుకుతాది. నువ్వే కత్తిరించు. మొలుస్తాదో లేదో అందరమూ కూసోని చూస్తాం."

ఆ రోజు బజారులో షట్టర్లన్నీ లేచినా, ఆటోలు ఎంత హారన్ కొట్టినా, బల్ల మీద నుంచి ఎవరూ లేవలేదు.