ఫౌంటెన్ పక్కన నింపిన సీసాలు

పెళ్లయిన రెండో నెలలోనే మా ఆయన మీద పదిమందిలో మండిపడతానని ఎవరైనా జోస్యం చెప్పుంటే నవ్వేసేదాన్ని.

చెరువు చుట్టుపక్కల వీధుల వాళ్లం కొందరం వాలంటీర్లుగా చేరాం. నీళ్లను ఎలా పరీక్షించాలో నేర్పి, చెరువును బాగుచేసే ప్రణాళికను మాచేతే రాయించడం మా ఆయన ఉద్యోగం. ఇంట్లో 'నువ్వు', క్లాసులో 'సార్'. అలా పిలిచినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి. నాకు రోజంతా అదే సంబరం. మా అత్తయ్య కూడా చేరారు. మోకాళ్లదాకా రబ్బరు బూట్లేసుకుని, కొడుకు పాఠం చెబితే కూర్చుని వినే రాత నుదుట ఉంటే తప్పుతుందా అనేవారు.

బట్టలకు రంగులేసే షెడ్ల నుంచి వచ్చే కాలువ మా వీధి చివర చెరువులో పడుతుంది. ఆ కంపుకి పసిపిల్లలు కూడా ముక్కు మూసుకునే నడక నేర్చుకుంటారు. నీళ్లు చెడ్డాయని పరీక్షలో తేలి, ప్రణాళికలోకి ఎక్కితేనే కాలువను మళ్లిస్తారు. లేకపోతే మళ్లీ కొన్నేళ్లదాకా దాని ఊసే ఉండదు. మా అందరికీ కావలసింది అదొక్కటే.

సీసా ఎక్కడ ముంచాలన్నదే మా ఆయన మొదటి పాఠం. చెరువులో ఫౌంటెన్ ఉన్న చోట సీసా ముంచకండి, అక్కడ నీళ్లు చిలికినట్టయి గాలి కలుస్తుంది, చచ్చిన చెరువు కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది అన్నాడు. బయటి నీళ్లు వచ్చి పడే చోటే ముంచాలట. సీసాలో మందు చుక్కలు వేశాక గోధుమరంగు తిరిగితే చేపలు బతికే నీళ్లు. తెల్లగా ఉండిపోతే ఊపిరాడని నీళ్లు. ఎంత ముద్దుగా చెప్పాడో అని ఆ రోజు మురిసిపోయాను కూడా.

శిక్షణ ఆఖరి రోజు పట్టణ కార్యాలయం నుంచి అధికారి వచ్చాడు. మా ఆయన సీసాలు పంచి, ఎటో చూస్తూ, కాలువ దగ్గర జారుడుగా ఉంది, అందరూ ఫౌంటెన్ పక్కనే నింపుకొచ్చేయండి అన్నాడు.

"అక్కడ ముంచొద్దని మీరే కదా చెప్పారు, సార్?" అన్నాను.

"ఇంట్లో పెట్టే పరీక్షలు చాలక ఇక్కడ కూడా పెడుతోంది చూడండి," అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. రిటైరైన పోస్టుమాష్టారైతే, మొగుడికి ముక్కుతాడు వేసే పని కాస్త నిదానంగా కానిమ్మని నాకు సలహా కూడా ఇచ్చారు.

ఒళ్లు మండిపోయింది. పక్కకు పిలిచి నిలదీస్తే, ఈ చెరువు బాగుందని తేలితే మిగతా చెరువుల శిక్షణ కూడా మనకే ఇస్తారని గొణిగాడు. ఆ 'మనకే' ఇంకా మండించింది. నిన్నటిదాకా ఆ మాటకే కరిగి నీరయ్యేదాన్ని.

సీసా పట్టుకుని కాలువ వైపు నడిచాను. బురదలో ఓ కాలు దిగబడింది. వెనక నుంచి ఎవరో నడుం పట్టుకున్నారు. అత్తయ్య. ఆవిడ చేతిలోనూ సీసా ఉంది. బూట్లు కొనుక్కున్నది అల్మరాలో పెట్టుకోవడానికా అన్నారు.

మందు చుక్కలు వేశాక, క్లాసు హాల్లో బల్ల మీద మిగతా సీసాలన్నీ గోధుమరంగులో వరసగా నిలబడ్డాయి. మా రెండూ సున్నం కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ రెండూ పాడైనట్టున్నాయి, తీసేయండి అన్నాడు అధికారి. మా ఆయన చెయ్యి నిజంగానే ముందుకు వెళ్లింది.

అత్తయ్య సీసాల మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ఒరేయ్, ఎక్కడ ముంచాలని నేర్పావు నాకు? చెప్పు."

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాలువ పడే చోట. ఫౌంటెన్ దగ్గర నింపమన్నది నేనే, సార్. అది తప్పు."

అధికారి ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. పోస్టుమాష్టారు తన సీసా పారబోసి, ఎవరి బూట్లయినా తనకి పడతాయా అని అడిగారు. ఒకరి వెనక ఒకరు కాలువ వైపు కదిలారు. కాసేపటికి బల్లంతా తెల్లబడింది.

మా ఆయన నా వైపు చూసి, పెద్ద బరువు దిగినట్టు నవ్వాడు. నేను నవ్వలేదు. నేను అడిగితే నలుగురినీ నవ్వించాడు. వాళ్లమ్మ అడిగితే నిజం చెప్పాడు.

కాలువ మళ్లింపే మొదటి పని అని ప్రణాళిక పైన నేనే రాశాను. పెన్ను కాగితంలో దిగబడింది. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చోబోయాడు.

"అక్కడ అత్తయ్య కూర్చుంటారు," అన్నాను.