మంచుకొండల కింద పేరు

ఇంద్రకరణ్ సారు మా ప్రింటింగ్ షాపులోకి వస్తే ముందు ఆయన సెంటు వస్తుంది, తర్వాత పొట్ట, ఆ తర్వాతే ఆయన. రైసుమిల్లు ఉంది, కౌన్సిలర్ టికెట్ మీద కన్నుంది. ఇప్పుడు కొత్తగా నీళ్ల ప్లాంటు పెట్టాడు.

"మమతా, లేబుల్ మస్తుగుండాలె," అంటూ నా కంప్యూటర్ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

అడిగినవన్నీ పెట్టాను. మంచుకొండలు, జలపాతం, నీళ్లు తాగే జింక. కింద పెద్ద అక్షరాలతో 'నేచురల్ మినరల్ వాటర్'. ఆ నీళ్లేమో రామాయంపేట రోడ్డు మీద, మిల్లు వెనక వేయించిన బోరులోవి. జింక సంగతి దేవుడెరుగు, అక్కడ మేక కూడా నిలబడదు.

"సార్, మినరల్ అని రాయొద్దు. బోరు నీళ్లను మెషిన్ల వడగడ్తున్నరు. ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అనే రాయాలె. మినరల్ వాటరంటె దాంట్ల ఉండే ఖనిజాలు పోకుంట, ఉన్నదున్నట్టు సీసాల నింపేది. దానికి లైసెన్సే వేరు."

"మెదక్ల ఎవడన్న ప్యాకేజ్డ్ అంటడా? క్యాన్ నీళ్లను గుడ అందరు మినరలే అంటరు."

అదీ నిజమే. మా ఊళ్లో తెల్ల క్యాన్‌లో ఏది పోసినా మినరలే. కానీ నోటితో అనుకోవడం వేరు, అచ్చేసి అమ్ముకోవడం వేరు.

"పోనీ, ఊట నీళ్లని రాయి."

"ఊటంటె తనంత తానే పైకి రావాలె సార్."

"మోటరేస్తె తనంత తానే వస్తది గద!"

తన జోకుకి తనే కడుపు పట్టుకుని నవ్వాడు. ఇలాంటివాళ్లకి మనం ఓట్లు వేస్తాం, పైగా దండలు కూడా వేస్తాం. నాకు ఒళ్లు మండింది.

"ఓనర్ పేరు ఏం పెట్టాలె?" అని అడిగాను.

"రాజమణి అని పెట్టు. ప్లాంటు మా ఇంటామె పేరు మీదనే ఉన్నది." గొంతు తగ్గించాడు. "రేపు ఎవడన్న చెకింగ్‌కొస్తె నాకు పరేషాన్ లేకుంట. ఆమెకేం తెల్వది, సంతకం పెట్టుమంటె పెడ్తది."

ఎంత తేలిగ్గా అన్నాడో! మా షాపులో ఓనరు ప్రూఫ్ కాగితం మీద, అంటే నమూనా ప్రింటు మీద, సంతకం చేయనిదే లేబుల్ మెషిన్ ఎక్కదు. ఆమె ఇక్కడికే వచ్చి సంతకం చేయాలని పట్టుబట్టాను. కారులోనే కూర్చోబెట్టాడట, గొణుక్కుంటూ వెళ్లి పిలుచుకొచ్చాడు.

"ఈడ పెట్టు," అని పెన్ను ఆమె చేతిలో పెట్టాడు.

రాజమణి సంతకం పెట్టలేదు. కాగితాన్ని వెలుతురుకి తిప్పి చదివింది.

"గీ మంచుకొండలు ఏడున్నయి? మన మిల్లు వెనకనా?"

"డిజైన్ అది. పెట్టు జల్ది."

ఆమె నా వైపు తిరిగింది. "ఇది తప్పైతె ఎవరిని పట్టుకుంటరమ్మా?"

చెప్పొద్దన్నట్టు ఆయన నా వైపు కళ్లురిమాడు. నేను లెక్కచేయలేదు. "మిమ్మల్నే అక్కా. లేబుల్ల ఉన్నది మీ పేరే గద."

"ఏం గాదు. నేనున్న గద!" అన్నాడు ఇంద్రకరణ్.

"ఏడున్నరు?" ఆమె లేబుల్‌ని ఆయన ముందు పెట్టింది. "దీంట్ల మీ పేరేడున్నదో చూపియ్యుండ్రి."

ఆయన దగ్గాడు. ఆమె వదల్లేదు.

"బిడ్డా, నా పేరు తీసేసి సారు పేరు పెట్టు. కొండలు, జింకలు గట్లనే ఉండనియ్యి. ఏం గాదంటుండు గద."

నేను కీబోర్డు మీద చెయ్యి వేశానో లేదో, ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఆగు ఆగు! నా పేరొద్దు. ఆ మినరల్ తీసెయ్, కొండలు తీసెయ్. నువ్వన్నదే, ప్యాకేజ్డ్ అనే రాయి!"

ఇంతసేపూ నేను గొంతు చించుకున్నా ఎక్కని నియమం, తన పేరు అనేసరికి ఒక్క క్షణంలో బుర్రకెక్కింది. ఛీ, అనిపించింది.

రాజమణి ఆయన్ని అలాగే చూస్తూ ఉంది. కోపంగా కూడా లేదు.

"అంటె ఇది తప్పని మీకు ముందుగాలనే తెల్సు," అంది.

ఆయన ఫోన్ తీసి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. ఆమె పెన్ను మూత పెట్టి నా టేబుల్ మీద ఉంచింది.

"నా నంబర్ రాసుకో బిడ్డా. ఇగ ఈ ప్లాంటుది ఏదున్నా నన్నే అడుగు."