సొరబుర్ర భూగోళం

ఈశ్వరరావు పంతులుకు పారేసిన వస్తువు కనబడితే చాలు, చేయి ఊరుకోదు. కొంటా పక్క పల్లెలో బస్తరు సంస్థానం వారి బడి ఆయనది. కిరసనాయిలు డబ్బా మూతతో గడియారం చేశాడు, తాటిబుర్రలతో త్రాసు చేశాడు, విరిగిన బండిచక్రం మీద పన్నెండు నెలలూ రాశాడు. శ్రావణంలో భార్య అన్నపూర్ణ మూడు రోజుల జ్వరంతో పోయింది. అప్పటి నుంచి చేతులు ఆడుతూనే ఉన్నాయి గాని, లోపల మనిషి అలికిడి లేదు. ఏడుపు రాలేదు. తింటే రుచి తెలియదు, మానేస్తే ఆకలి తెలియదు.

సోమవారం జగదల్‌పూర్ నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. చాపల మీద పిల్లలు కనబడకపోతే బడి ఎత్తేస్తారు. ఆ బడి కూడా పోతే ఆయనకు పొద్దున్నే లేవడానికి కారణమే లేదు. అందుకే పిల్లలకు కొత్తగా ఏదైనా చూపించాలని భూగోళం మొదలుపెట్టాడు. ఊరి బయట నిలువురాయి పక్కన, చెట్టు కొమ్మకు గుండ్రటి సొరబుర్ర ఒకటి వేలాడుతూ కనిపించింది. తెచ్చి, దానికి పాత గొడుగు ఊచ గుచ్చి, నీలిమందుతో సముద్రాలు, పసుపుతో నేలలు దిద్దాడు.

నిలువురాయి పక్క చెట్టుకు ఊరివాళ్ళు ఏం కడతారో మూడేళ్ళుగా ఉంటున్నవాడికి తెలియదా? ఎందుకు తెలియదు, బాగా తెలుసు. తెలిసి కూడా తెచ్చాడు చూడండి! చూపు అంతగా మొద్దుబారి, అదీ పారేసిన వస్తువులాగే కనబడింది.

శుక్రవారం పిల్లలు భూగోళం చూశారు. శనివారం ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం బడిపిల్ల ముయె తల్లి హుంగే వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"పంతులూ, గా బుర్ర నా మొగనిది. ఆ రాయి ఆయిన పేరు మీదనే నిలబెట్టినం. జావ పోసుకొని అడవికి పోతుండె. సచ్చినోళ్ళ సామాను ఆళ్ళకే ఇడిసిపెడ్తం. నువ్వెట్ల తెస్తివి?"

"పారేశారనుకున్నానమ్మా."

"పారేస్తమా! ఏంది నువ్వు?" ఆమె లోపలున్న భూగోళం వైపు చేయి చూపింది. "పిల్లలు రావాల్నంటే దాన్ని మళ్ల ఆడ్నే కట్టు. ఉత్త చేతుల్తో రాకు. నీ ఇంట్ల పోయినోళ్ళది గూడ ఒకటి తే. ఆయిన కోపం దిగాలె."

సిగ్గుపడాలని ఆయనకు తెలుసు. ఆ సిగ్గు కూడా రాలేదు. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిస్తే, చేతికి ముందుగా అన్నపూర్ణ దువ్వెన తగిలింది. పళ్ళ మధ్య నాలుగు వెంట్రుకలున్నాయి.

ఒక చేత భూగోళం, ఒక చేత దువ్వెన పట్టుకుని హుంగే వెనక నడిచాడు. రాయి దగ్గర బుర్ర కట్టబోతుంటే ఆమె ఆపింది.

"దీంట్ల మన ఊరు ఏడుంది?"

పసుపు మీద ఆవగింజంత చోట ఆయన వేలు పెట్టాడు. హుంగే ఆ వైపు రాయికి ఎదురుగా ఉండేలా తిప్పి కట్టింది.

"కొంటా సంత దాటి ఎన్నడు పోలె ఆయిన. సూసుకోనీ. సోమారం పిల్లల్ని నేనే తోల్కొస్త."

తర్వాత దువ్వెన అందుకుని, వెంట్రుకలు తీయకుండానే కొమ్మకు కట్టింది.

"ఎవరొచ్చిన్రో మా ఆయినకు చెప్పాలె గద. నీ ఇంటామె పేరేంది?"

పంతులు నోరు తెరిచాడు. మూడు నెలలుగా ఆ పేరు ఆయన నోట రాలేదు. ఇప్పుడు సగం వచ్చి ఆగిపోయింది. ఉన్నచోటే కూలబడి, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

హుంగే తొందరపెట్టలేదు. పక్కన కూర్చుని, మిగతా సగం పేరు కోసం ఎదురుచూసింది.