మేస్టారి కంప్యూటరు

“వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం సాలూరెళ్తున్నాను కదా, ఆ కంప్యూటర్ని కూడా పట్టుకెళ్లి పాత సామాన్ల కొట్లో పడేస్తాను. గదిలో జాగా అయినా కలిసొస్తుంది,” అన్నారు మా ఆయన.

నేను రాజ్‌మా కాయలు ఒలుస్తున్నాను. తలెత్తకుండానే, “మరి మీ స్కూలు పని?” అన్నాను.

“కొత్త ల్యాప్‌టాప్ తీసుకుంటున్నాను. నాతోనే ఉంటుంది. నీకు కావలసినప్పుడు ఇస్తాలే.”

నాకు కావలసినప్పుడు! పదకొండేళ్లుగా సాయంత్రం ఆరయ్యేసరికి ఆశ్రమ పాఠశాల నుంచి ఆయన చొక్కా జేబులో మడతపెట్టిన కాగితాలు మా ఇంటికి వస్తున్నాయి. పిల్లల మార్కులు, హాజరు, పై అధికారులకు జవాబులు. ఆయన టీ తాగి టీవీ ముందు కూర్చుంటారు. నేను కుక్కర్ పెట్టి వచ్చి టైపు చేస్తాను, మూడో విజిల్‌కి లేచి ఆపి, మళ్లీ వచ్చి కూర్చుంటాను. చివర ‘తయారుచేసినవారు: కె. దేవీప్రసాద్’ అని కొట్టి పంపేస్తాను. మూడేళ్ల కిందట, మండలంలో కంప్యూటర్ పని ఇంత శుభ్రంగా చేసే ఉపాధ్యాయుడు లేడని ఆయనకు శాలువా కప్పారు. దాన్ని ఉతికి ఆరేస్తుంటే మా అత్తగారు రత్నాలు గారు నాతో అన్నారు: “నా కొడుకు సదువుకున్నోడు కాబట్టి నీకూ ఆ మిషను ముట్టుకునే రాత పట్టింది.” నేను బీఎస్సీ కంప్యూటర్స్. ఆయన తెలుగు పండితులు. ఈ సంగతి మా పెళ్లి శుభలేఖ మీద ఉంది, ఆ తర్వాత ఇంకెక్కడా లేదు.

కంప్యూటర్ నెమ్మదించిన మాట నిజమే. అందులోని విండోస్‌కి కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది. తెరుచుకోవడానికి అన్నం ఉడికేంత సేపు పట్టేది. స్కూలు వెబ్‌సైటయితే ఈ పాత బ్రౌజర్‌లో తెరుచుకోనని మొండికేసింది. కానీ నాలుగు రోజులు ఫోన్‌లో చదివి, చెడిపోయింది యంత్రం కాదని తేల్చుకున్నాను. దాన్ని లోపల్నుంచి నడిపించే సిస్టమ్‌ని మార్చుకుంటే చాలు. లినక్స్ అనేది ఉచితం, అందులోనూ పాత యంత్రాలకు సరిపడేవి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు వీలైనవి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వందల్లో ఉన్నాయి. నేను వంకాయలు కొన్నా ఒక్కొక్కటీ తిప్పి ముచ్చిక చూసే మనిషిని. మూడింటిని ఎంచుకున్నాను.

మా ఫోన్ డేటా రోజుకి ఒకటిన్నర జీబీ. ఒక్కో సిస్టమ్ దించుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ వారమంతా అత్తగారు ఫోన్‌లో చూసుకునే సీరియల్ ఆగిపోయింది.

“ఏటే, నా బొమ్మ గిరగిరా తిరగతంది గానీ రాదేటి?”

“సిగ్నల్ లేదత్తయ్యా. కొండల్లో ఇంతే.”

ఈ పద్ధతిలో నాకు నచ్చిన సుఖం ఒకటుంది. సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్లో ఉన్నదేదీ ముట్టుకోకుండా ముందు నడిపి చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయడమే, ఎవరికీ తెలియదు. పెళ్లిచూపుల్లో ఇలాంటి వీలుంటే ఎంత బాగుండేదో అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మొదటిది చూడముచ్చటగా ఉంది. కానీ మా నాలుగు జీబీల జ్ఞాపకశక్తి దాని అలంకారానికే చాలలేదు, మౌస్ బాణం ఆలోచించి ఆలోచించి కదిలింది. రెండోది ఆకులా తేలిక. అయితే ప్రింటర్ కావాలంటే నల్ల తెర మీద ఏవేవో ఆదేశాలు కొట్టమంది. నేను కొట్టగలను. కానీ ఏమీ తెలియకుండా దీని ముందు మొదటిసారి కూర్చునే మనిషికి ఆ నల్ల తెర చూస్తేనే చెయ్యి వెనక్కి పోతుంది. పైగా ‘లక్ష్మి’ అని కొడితే వత్తులు ఊడి పక్కన పడ్డాయి. మూడోది లినక్స్ మింట్, అందులో తేలికపాటి రకం. కింద ఎడమ మూల మెనూ విండోస్‌లో ఉన్నట్టే ఉంది. మా పాత ప్రింటర్ని అడక్కుండానే గుర్తుపట్టింది. ‘లక్ష్మి’ వత్తులతో సహా నిలబడింది. దీన్నే వేద్దామనుకున్నాను.

శుక్రవారం సంత రోజు. పై ఊరి నుంచి నిర్మల వచ్చింది. వాళ్ల ఊరి ఆడవాళ్లంతా కలిసి కాఫీ పొడి అమ్ముతారు, ప్యాకెట్ల మీద అంటించే కాగితాలు నా చేత చేయించుకుంటుంది. నేను ఇన్‌స్టాల్ మొదలుపెట్టబోతుంటే పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

“మింట్ అంటే ఏటి మేస్టారమ్మా?”

“పుదీనా.”

“కంప్యూటర్లో పుదీనా యేత్తన్నావా!” అని పగలబడి నవ్వింది.

ఆ నవ్వుకి అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. “ఏటే సేత్తన్నావు? అది పాడైతే నా కొడుకు ఊరుకుంటాడేటి?”

“ఎలాగూ పారేసేదే కదత్తయ్యా.”

డిస్కు మీద ఉన్నదంతా చెరిపెయ్యమంటావా అని తెర అడిగింది. ముందురోజే అన్నీ వేరే డిస్కులోకి దించి సరిచూసుకున్నాను. ఆయన పేరున రెండు వేల పైచిలుకు ఫైళ్లు. నా పేరున ఒకే ఒక్కటి, పెళ్లయిన ఏడు సగంలో ఆపేసిన ఎంసీఏ ప్రాజెక్టు. చెరిపెయ్యమన్నాను. తర్వాత తెర మీద ‘మీ పేరు?’ అని వచ్చింది. టకటకా కొట్టి, పాస్‌వర్డ్ పెట్టి, వంటింట్లోకి వెళ్లి పులుసు దించి వచ్చాను. ఇరవై నిమిషాలకి కొత్త తెర తెరుచుకుంది.

“ఇదేటి, దేవీప్రసాద్ అని వచ్చింది?” అంది నిర్మల. “మేస్టారు ఇంట్లోనే లేరు కదా!”

చూశాను. నిజమే. పేరు అడిగిన చోట నా వేళ్లు నన్ను అడక్కుండా ఆయన పేరు కొట్టేశాయి.

“అలవాటు,” అన్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఆయన పేరు నోటితో అనడానికి సిగ్గుపడతావు, చేత్తో మాత్రం రోజూ పిలుత్తన్నావన్నమాట. నేనయితే నా మొగుణ్ని పేరెట్టే పిలుత్తాను. పలక్కపోతే ఇంకా గట్టిగా పిలుత్తాను.”

పేరు మార్చుకోవడానికి దగ్గరి దారులున్నాయి. నేను మాత్రం మొదటి నుంచి మళ్లీ వేశాను. ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ ఉమామహేశ్వరి అని కొట్టాను. తర్వాత ఆయనకొక ఖాతా తెరిచాను. ఆయన పనులన్నీ ఆయన చేసుకోవచ్చు. కొత్తగా ఏదైనా వేయాలన్నా, ఉన్నది తీసేయాలన్నా నా పాస్‌వర్డ్ కావాలి. నిర్మల కాగితాలు ఆ కొత్త సిస్టమ్‌లోనే చేసి అచ్చు వేసిచ్చాను.

సాయంత్రం ఆయన మీట నొక్కి, నిమిషంలో తెరుచుకోవడం చూసి నోరు తెరిచారు. స్కూలు వెబ్‌సైట్ కూడా తెరుచుకుంది.

“ఎవర్ని పిలిచావు?”

“ఎవర్నీ లేదు. నేనే చేశాను.”

“ఒక్కదానివే?” అని కాసేపు దాని చుట్టూ చూశారు. “బాగానే ఉంది. ఉంచుదాంలే. సరే గానీ, ఈ మార్కులు బేగి కొట్టెయ్.”

మంగళవారం ఆయన మెరిసిపోతూ వచ్చారు. మండలంలోని బడులన్నిటిలో పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉన్నాయట. టీచర్ల సమావేశంలో ఆ మాట వస్తే ఈయన లేచి లినక్స్ సంగతి చెప్పారట. గురువారం టీచర్లందరి ముందు చేసి చూపించమని అధికారి కాగితం కూడా ఇచ్చేశారు.

“ఎవరు వేశారని అడగలేదా?” అన్నాను.

“అడిగారు. నేనే వేశాను సార్ అన్నాను. పదిమందిలో పెళ్లాం వేసిందంటే ఏం బాగుంటుంది? వస్తానని జవాబు కొట్టి మెయిల్ పంపెయ్. ఎలా వెయ్యాలో వరసగా తెలుగులో రాసివ్వు, చూసి చెప్పేస్తాను.” గుమ్మంలో నా మొహం చూసి ఆగారు. “నాకు పేరొస్తే నీకు వచ్చినట్టు కాదేటి?”

ఆయన స్నానానికి వెళ్లారు. నేను కూర్చున్నాను. శాలువా కప్పిన రోజు నేను ఇంట్లో వంకాయ కూర చేస్తున్నాను. ఈసారి కూడా వాళ్లు చప్పట్లు కొడతారు, నేను టిఫిన్ డబ్బా కడుగుతాను. వచ్చే ఏడు కూడా, ఆ పై ఏడు కూడా. అందులో అన్యాయం ఉందని ఆయనకి తోచదు, ఎందుకంటే పదకొండేళ్లుగా ఆ కాగితాల కింద ఆ పేరు కొట్టింది నేనే. ఆయన చేత్తో ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. వేడినీళ్లు బకెట్‌లో పడుతున్న చప్పుడు వినబడుతోంది. టైపు చేశాను. రెండుసార్లు చదివి, ఒక కామా తీసేసి, పంపించాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. “పంపావా?”

“పంపాను. వినండి. ‘మా ఇంటి పాత కంప్యూటర్లో లినక్స్ వేసినది నేను. గురువారం చేసి చూపించడానికి నేనే వస్తాను. కె. ఉమామహేశ్వరి, బీఎస్సీ కంప్యూటర్స్.’”

తువ్వాలు ఆయన తల మీదే ఆగిపోయింది. “మతిగానీ పోయిందా? చెరిపేసి మళ్లీ కొట్టు!”

“వెళ్లిపోయిందండీ.”

“నా పరువేటి కావాలి? వాళ్లకి ఏటి చెప్పుకోవాలి?”

“ఆడకూతురు ఆపీసర్ల ముందు నిలబడి పాటాలు సెప్తాదా!” అని అత్తగారు లోపల్నుంచి అందుకున్నారు.

నేను పెన్‌డ్రైవ్ తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. “పొరపాటు రాశానంటే సరిదిద్దుతాను. కూర్చోండి. ఇప్పుడే వేసి చూపించండి. చూసి, వేసింది ఆయనేనని ఇంకో మెయిల్ పంపుతాను.”

ఆయన పెన్‌డ్రైవ్ వైపు చూశారు. కంప్యూటర్ వైపు చూశారు. కుర్చీ లాగి మళ్లీ వదిలేశారు.

“గురువారం మీరూ రండి,” అన్నాను, ఆయన చేతిలోంచి తడి తువ్వాలు తీసుకోకుండా. “ముందు వరసలో కూర్చోండి. అక్కడైతే బాగా కనబడుతుంది.”