అరవయ్యో పిల్ల

మా బడిలో గంట కొట్టేది నేను. నేను గంట కొడితే మూడు వీధుల అవతల పడుకున్న పిల్లి కూడా లేచి పలక వెతుక్కుంటుంది. నమ్మకపోతే ఆ పిల్లినే అడగండి.

ఆ ఏడు మా బడికి గండం వచ్చింది. అరవై మంది పిల్లలుంటేనే పైనుంచి డబ్బులొస్తాయట. ఒక్కరు తగ్గినా బడికి తాళం, పిల్లలంతా వంతెన అవతల బడికి. మాకున్నది యాభై తొమ్మిది. పెద్దటీచరు హాజరుపట్టీని తలగడ కింద పెట్టుకుని పడుకుంది, తెల్లారేసరికి అదేమన్నా పిల్లని పెడుతుందేమోనని. పెట్టలేదు.

రేపు లెక్కచూసే ఆఫీసరు వస్తాడనగా, మూడో తరగతి చదివే మా మేనకోడలు బుడంకాయని పక్కకి పిలిచాను. మా గదులు ఐదూ ఒకే వరస. వెనక కిటికీలకి ఊచల్లేవు.

"ఆయన మూడో గదిలో నిన్ను లెక్కపెట్టి బయటికెళ్లగానే కిటికీ దూకి నాలుగో గదిలో కూర్చో. అరవై అయిపోతుంది. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తానత్తా," అంది.

దాని నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున బడి తెరిచేసరికి యాభై తొమ్మిది మందికీ తెలిసిపోయింది.

ఆఫీసరు వచ్చాడు. చేతిలో నొక్కితే టిక్కుమనే మిషను. ఒకటో గదిలో పన్నెండు టిక్కులు. ఆయన గుమ్మం దాటాడో లేదో, పన్నెండుమందీ కిటికీలోంచి రెండో గదిలోకి. అక్కడ ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగూ మూడో గదిలోకి. ఐదో గదికొచ్చేసరికి బల్లకి పదిమంది, బల్లల కింద పదిమంది, బీరువా మీద నలుగురు. మిషను పొగలు కక్కుతుంటే ఆయన దాన్ని నీళ్ల బకెట్లో ముంచి మరీ నొక్కాడు.

"నూట డెబ్బై తొమ్మిది," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఈ గదులకి నూట ఇరవై మందే హద్దు. ఎక్కువైన యాభై తొమ్మిది మందినీ వంతెన అవతలికి పంపేస్తాను."

మాకున్నదే యాభై తొమ్మిది.

పెద్దటీచరు గోడ పట్టుకుంది. ఇక రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి భయమెందుకని నిజం చెప్పేశాను.

"తప్పు నాదయ్యా. ఒక్కసారి గేటు దగ్గర నిలబడండి."

ఇంటిగంట కొట్టాను. పిల్లలు ఒక్కొక్కరే గేటు దాటారు. గేటుకి వెనక కిటికీ లేదు కదా. యాభై తొమ్మిది టిక్కులు. చివర్న బుడంకాయ, జడనిండా బూజు.

"ఒకటి తక్కువ," అన్నాడాయన మెల్లగా.

"ఇంకోసారి దూకనా సార్," అంది బుడంకాయ.

"వద్దులే తల్లీ." నా వైపు కాగితం జరిపాడు. "సాక్షి సంతకం పెట్టమ్మా."

"వేలిముద్రేస్తాను బాబూ. నాకు అక్షరం ముక్క రాదు."

"ఇన్నేళ్లు బడిలో ఉండి కూడానా?"

"గంట దగ్గరే ఉన్నానయ్యా. లోపలికి ఎవరూ రమ్మనలేదు."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, అటు తిప్పీ ఇటు తిప్పీ చదివాడు.

"ఒకటో తరగతిలో చేరాలంటే చదువు రాకపోవాలి, ఈ పేటలో ఉండాలి. వయసు సంగతి ఎక్కడా రాయలేదు."

పెద్దటీచరు అప్పటికే కలం మూత తీసింది.

"నాకు యాభై ఎనిమిదేళ్లండీ," అన్నాను. "ముందుపళ్లు కూడా ఊడిపోయాయి."

"ఒకటో తరగతిలో అందరికీ ఊడే ఉంటాయి," అని ఆఫీసరు టిక్కుమని నొక్కాడు.

బడి నిలిచింది. ఇప్పుడు నేను ఒకటో తరగతి, చివరి బల్ల. ఇబ్బందల్లా ఒక్కటే. గంట కొట్టి, తాడు కట్టి, వరండా అంతా పరిగెత్తుకొచ్చేసరికి తలుపు వేసేస్తారు. గంట మోగాక వస్తావేంటని టీచరమ్మ రోజూ బయట నిలబెడుతోంది.

నిన్న విసుగొచ్చి కిటికీ దూకాను.