తగ్గాక రండి

వృద్ధాశ్రమం తలుపు తీసేలోపే ఆమె బల్ల తుడిచేసింది. చేతులు కడుక్కునే సబ్బునీళ్ళ సీసా ఒక పక్క, మాస్కుల పెట్టె ఇంకో పక్క, నుదుటికి గురిపెట్టి చూసే థర్మామీటరు మధ్యలో. తర్వాత నడవా పొడుగునా ఉన్న ఆరు కిటికీలూ ఒక్కొక్కటీ జానెడు తెరుచుకుంటూ పోయింది. చలిగాలి రివ్వున కొట్టింది.

"చంపేస్తావా ఏం!" అని మొదటి గదిలో ముసలాయన అరిచాడు.

"తలుపులన్నీ బిగించుకుంటే ఒకళ్ళ దగ్గు ఇంకొకళ్ళు పంచుకుంటారు. వణుకు నయం" అంది ఆమె. రోజూ ఉండే గొడవే. ఆయన ముసుగు తన్ని అటు తిరిగి పడుకున్నాడు.

ఆమెను అందరూ గుమ్మం అక్క అంటారు. పదకొండు చలికాలాలుగా ఆ గుమ్మమే ఆమె ఉద్యోగం. యాభై దాటిన పొట్టి మనిషి. మోకాళ్ళు కాస్త బయటికి వంగి ఉంటాయి. సబ్బునీళ్ళకి అరచేతులు పగిలి, వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉంటాయి. ముక్కు ఎగబీలుస్తూ వచ్చినవాడు ఎంత పెద్దవాడైనా లోపలికి వెళ్ళలేడు. ఆమె వాదించదు, తిట్టదు. "ఇవాళ కాదు, తగ్గాక రండి" అంటుంది. అదే మాట, అదే గొంతు. చేరిన మొదటి ఏడు ఎవరో మనవరాలు తెచ్చిన దగ్గు పది రోజుల్లో ముగ్గురిని తీసుకుపోయింది. ఆ మూడు మంచాలూ కడిగింది ఆమే.

అలాంటి మనిషికి ఆ ఉదయం నిద్ర లేస్తూనే గొంతు గరగరలాడింది. ఉమ్మి మింగితే చెవిదాకా నొప్పి. ఉప్పునీళ్ళు పుక్కిలించి, మాస్కు బిగించి కట్టుకుని వచ్చేసింది. చలిగాలి తగిలి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. అబద్ధమని ఆమెకూ తెలుసు.

సెలవు అడిగితే ఇచ్చేవారు. కానీ ఇంట్లో ఉండిపోతే సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ తల ఎవరు దువ్వుతారు? చిన్న నర్సు దువ్వుతుంది. అదీ అసలు బాధ.

పెద్దమ్మ అంటే చివరి గదిలో ఉండే ఎనభై ఏడేళ్ళావిడ. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఆ గొంతులో అధికారం ఇంకా పోలేదు. జుట్టు తెల్లబడింది గానీ నడుం దాటి ఉంటుంది. రోజూ నాలుగింటికి గుమ్మం అక్క వెళ్ళి చిక్కు తీసి, పాయ తీసి, జడ వేస్తుంది. అది ఆమె పని కాదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. పుట్టింట్లో అందమంతా చెల్లెలికి పోయింది, మెప్పంతా అన్నకి పోయింది. కట్టుకున్నవాడు మూడేళ్ళు కాపురం చేసి ఇంకొకామె వెంట పోయాడు. ఈమె కోసం గడియారం వంక చూసిన ప్రాణి పెద్దమ్మ ఒక్కతే. "నాలుగు దాటింది, ఎక్కడ చచ్చావే?" అనే ఆ తిట్టు కోసం ఆమె పొద్దుటి నుంచీ కాచుకుని ఉండేది.

రెండు నెలల కింద చిన్న నర్సు వచ్చింది. నవ్వితే బుగ్గన సొట్ట. వచ్చిన వారానికే అందరికీ చలికాలపు టీకా వేసింది. సూది అంటే మంచం కిందికి దూరేంత పని చేసే పెద్దమ్మ, ఆ పిల్ల నవ్వేసరికి చెయ్యి చాచింది. "నొప్పే తెలియలేదే బంగారం" అని కూడా అంది. పదకొండేళ్ళు సేవ చేస్తే 'ఏమే', ఒక్క సూది గుచ్చితే 'బంగారం'! గుమ్మం అక్కకి ఆ రోజు అన్నం సయించలేదు. అసూయ ఆమెకు కొత్త కాదు, జలుబులాగా ఏటా వచ్చి పోయేదే. ఈ ఏడు మాత్రం పట్టుకుని వదల్లేదు.

పదకొండింటికి లోపలి ముసలాయన ఒకరి అల్లుడు వచ్చాడు. మామగారికి ఆ రోజుతో ఎనభై నిండాయట. రెండు బస్సులు మారి వచ్చాడట. చెబుతూ చెబుతూనే మోచేతిలోకి దగ్గాడు.

"ఇవాళ కాదు, తగ్గాక రండి. ఆ కిటికీ బయట నిలబడితే ఆయన్ని ఇటువైపు కూర్చోబెడతాను, మాట్లాడుకోండి."

"నీకేం తల్లీ, ఎన్నయినా చెబుతావు. నీ మనిషి లోపల లేరుగా!" అన్నాడు ఆయన.

ఆ మాటకి చురుక్కుమంది. సరిగ్గా అప్పుడే దగ్గు తన్నుకొచ్చింది. పళ్ళు బిగించి ఆపేసరికి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తన మాటకే ఏడ్చిందనుకుని ఆయన కంగారుపడ్డాడు. "అయ్యో, ఏదో నోరు జారానమ్మా" అంటూ బుద్ధిగా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మూడున్నరకి ఎవరూ చూడకుండా థర్మామీటరు తన నుదుటికే పెట్టుకుంది. వంద దాటి చూపించింది. "ఇదీ పాతబడింది" అని గొణిగి బోర్లా పడేసింది. నాలుగు కాగానే చేతులు రెండుసార్లు కడుక్కుని, మాస్కు మీద మాస్కు తగిలించి, నడవాలోకి నడిచింది. దువ్వేది వెనక నుంచి, పెద్దమ్మ మొహం అటువైపు ఉంటుంది, ఏం కాదు అనుకుంది. ఇలాంటి తెలివితేటలు చూపించినవాళ్ళని ఆ గుమ్మంలోంచి ఎంతమందిని వెనక్కి పంపిందో లెక్కలేదు.

చివరి గది ముందు దగ్గు ఆగలేదు. తలుపు తెరుచుకుని చిన్న నర్సు బయటికి వచ్చింది. వెనకాల తలుపు దగ్గరగా వేసి, ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది.

"అక్కా! ఒళ్ళు కాలిపోతోంది."

"ఎండలో కూర్చున్నా."

"ఇవాళ ఎండెక్కడుందక్కా?"

"జరుగు. నాలుగు దాటింది."

నర్సు జరగలేదు. రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టింది. భయపడుతూనే, మెల్లగా అంది: "ఇవాళ కాదక్కా. తగ్గాక రండి."

లోపలి నుంచి పెద్దమ్మ గొంతు: "నాలుగు దాటింది, ఎక్కడ చచ్చిందే అది?"

"అక్కకి బాగాలేదు పెద్దమ్మా, నేనొస్తున్నా" అంటూ ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది.

గుమ్మం అక్క ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడింది. పాయ మధ్యకి తీస్తే పెద్దమ్మ ఒప్పుకోదు, కొంచెం ఎడమకి తీయాలి. ఆ మాట చెప్పి వెళ్ళొచ్చు. చెప్పలేదు. తప్పుగా తీయనీ, తిట్లు తిననీ అనుకుంది. లోపల ఇద్దరూ నవ్వడం వినిపించింది. ఆ నవ్వుకి ఒంట్లో జ్వరం ఇంకో మెట్టు ఎక్కినట్టయింది. బల్ల మీది సామాను ఆయాకి అప్పజెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇల్లంటే మెట్ల పైన ఒక్క గది. దుప్పటి కప్పుకుని పడుకుంది. సందెవేళ తలుపు చప్పుడైంది.

"అక్కా, నేను. పెద్దమ్మ ఫ్లాస్కు పంపారు."

ఆవిడ వస్తువులు పంచే పెత్తనం కూడా దీనికి వచ్చేసిందా అని ఒళ్ళు మండింది. "అక్కడ పెట్టి పో" అంది.

"ఒక్కసారి తీయండక్కా, దూరంగానే నిలబడతా. ఒక మాట చెప్పమన్నారు."

"ఇవాళ కాదు. తగ్గాక రా."

అనేసరికి ప్రాణానికి హాయిగా అనిపించింది. అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆమె తలుపు తీయలేదు.

తెల్లవారి మళ్ళీ అదే గొంతు పిలిచింది. ఈసారి మాట సరిగా రావడం లేదు. ఆమె లేచి మాస్కు కట్టుకుని తలుపు తీసింది. నర్సు నాలుగు మెట్ల కింద నిలబడి ఉంది.

"పెద్దమ్మ పోయారక్కా. తెల్లవారుజామున, నిద్రలోనే. దగ్గు లేదు, జ్వరం లేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు."

గుమ్మం అక్క తలుపు రెక్క పట్టుకుంది. నోటివెంట ముందు వచ్చిన మాట ఇదీ: "జడ ఎవరు వేశారు?"

"నేనే వేశా. పాయ సరిగా తీయలేదని విప్పించేశారు. మళ్ళీ వేస్తానంటే వద్దన్నారు."

"ఏమన్నారు?"

"'నీ నవ్వు బాగుంటుందే గానీ నీకు దువ్వడం చేతకాదు. అది వచ్చేదాకా ఇట్లాగే ఉంటా' అన్నారు. దగ్గరుండి నీళ్ళు కాయించి ఫ్లాస్కులో పోయించారు. 'దాని గొంతు తొందరగా బాగుచేసుకోమను, గుమ్మంలో దాని మాట వినబడకపోతే నాకు పొద్దు గడవదని చెప్పు' అన్నారు." నర్సు కళ్ళు తుడుచుకుంది. "నిన్న ఆ మాటే చెబుదామని..."

ఏడుస్తూ పై మెట్టు ఎక్కబోయిన ఆ పిల్లని గుమ్మం అక్క చెయ్యెత్తి ఆపింది. "దగ్గరికి రాకు. నాకింకా తగ్గలేదు" అంది. అని అక్కడే గుమ్మంలో కూలబడింది.

పక్కనే ఫ్లాస్కు ఉంది. రంగు వెలిసిన ఆకుపచ్చ ఫ్లాస్కు, వేడి పోకుండా చుట్టూ పాత ఉన్నిగుడ్డ చుట్టి మూడు ముడులు వేసి ఉంది. బయటంతా మంచుకి తడిసిపోయింది. ముడులు విప్పి మూత తిప్పితే, లోపల నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.