ఎండాకాలం హీటరు

బానెట్ లేపి కడ్డీకి ఆనించి, ఐలన్న తన తువ్వాలను నాలుగు మడతలు వేసి రేడియేటర్ మూత మీద పరిచాడు. రాత్రంతా చల్లారిన బండి, చెయ్యి కాలుతుందన్న భయమేమీ లేదు. అయినా తువ్వాల లేకుండా ఆ మూతను ముట్టుకోడు. ఒకసారి కంది ఊరి దగ్గర తొందరపడి ఒట్టి చేత్తో తిప్పి, మోచేతి దాకా తోలు ఊడగొట్టుకున్నవాడు మరి. మూత తీసి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. నిన్న అంచుల దాకా పోసిన నీళ్లు మళ్లీ అడుక్కి దిగిపోయాయి. బండి కింద చూస్తే చుక్క తడి లేదు.

“ఎటు వోతున్నయే ఆ నీళ్లు? జెర చెప్పరాదు?” అన్నాడు బండితో.

గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న సంగమ్మ తలెత్తి మొగుణ్ణి చూసింది. “పొద్దుగాల్నే దానితోని ముచ్చట వెట్టినవా? నాతోని ఏనాడన్న గిన్ని మాటలు మాట్లాడినవా?”

“నువ్వు అడగకముందే చెప్తవు గదనే. గిది అడిగినా చెప్తలేదు.”

నవ్వబోయి ఎడమ భుజం పట్టుకున్నాడు. నిన్న పొద్దుగూకే దాకా ఫ్యాను బోల్టులు బిగించాడు, ఆ నొప్పే అనుకున్నాడు. ఛాతీలో కూడా ఏదో పట్టేసినట్టుంది. దానికి వాళ్ల ఊళ్లో ఒకటే పేరు, గ్యాస్. మెడ నుంచి నడుము దాకా ఏది నొచ్చినా అక్కడ గ్యాసే. సంగమ్మ లేచి వెళ్లి చిటికెడు వాము, ఉప్పు తెచ్చి అతని అరచేతిలో పోసింది. నమిలి, నీళ్లు తాగి, గట్టిగా త్రేన్చి “ఇగ ఖతం” అన్నాడు.

ఖతం కావాల్సింది ఆ నొప్పి కాదు, నిన్నటి పరేషాన్. కొండాపూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లను ఎక్కించుకుని, ఇస్నాపూర్ అవతల మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుకు దింపడం ఐలన్న పని. పోయిన వారం బండి దారిలో ఆగింది. నిన్న రుద్రారం దగ్గర పొగలు కక్కుతూ మళ్లీ ఆగింది. ఆడవాళ్లు దొరికిన ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లేసరికి షిఫ్టు సైరన్ మోగిపోయింది, గేటు మూసేశారు, అందరికీ సగం పూట హాజరు కోసేశారు. ఫ్యాక్టరీలో బండ్ల సంగతి చూసే రాజశేఖర్ ఐలన్నను పక్కకు పిలిచాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“ఐలన్నా, నీ మీద నాకేం కోపం లేదు. రేపు గూడ లేటైతే మాత్రం గేట్‌పాస్ నా చేతిల వెట్టి పో. ఇంకో బండోడు పొద్దట్నుంచి నా టేబుల్ కాడనే కూసున్నడు.”

గేట్‌పాస్ అంటే అద్దానికి వేలాడే అట్టముక్క. అది పోతే మాటిమాటికీ కాగే ఇంజనున్న ముసలి బండిని ఇంకే ఫ్యాక్టరీ రానివ్వదు. ఇంటి ముందు కోళ్లు గుడ్లు పెట్టుకునే రేకుల డబ్బా అయిపోతుంది. ఐలన్న మళ్లీ ఇంకొకరి బండికి డ్రైవరు అవుతాడు.

ఆ మాట తలచుకుంటేనే అతనికి ఒళ్లు మండుతుంది. తండ్రి ఊరి పటేలు దగ్గర జీతగాడిగా ఉండే చనిపోయాడు. ఐలన్న అదే పటేలు ట్రాక్టరు తోలాడు. పొలాలు ప్లాట్లయ్యాక పటేలు ట్రాక్టరు అమ్మేశాడు, ఐలన్న పటాన్‌చెరులో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. జుట్టు నెరిసేదాకా ఆయన బండ్లే తోలాడు. బండి కడిగింది తను, బండిలో పడుకున్నది తను, గీత పడితే తిట్లు తిన్నది తను. బండి మాత్రం ఆయనది. చివరికి ఆయన వదిలించుకోవాలనుకున్న ఈ ఏడు సీట్ల బండిని ఐలన్న తన పేరున రాయించుకున్నాడు. వెనక అద్దం మీద ‘పోశమ్మ తల్లి దీవెన’ అని ఎర్ర అక్షరాలు వేయించాడు. ఎండకు కొన్ని ఊడిపోయాయి కానీ చదవాలనుకున్నవాళ్లకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రోజు నుంచి డ్రైవరు సీటులో ఇంకొకరిని కూర్చోనివ్వలేదు.

బండి అతని చేతికి వచ్చిన ఏడాదే ఇంజను కాగడం మొదలుపెట్టింది. కంపెనీ సర్వీసింగుకు తీసుకుపోతే, మెడకు టై కట్టుకున్న పిల్లవాడు కంప్యూటరులో నంబరు కొట్టి, “వారంటీ ఎప్పుడో అయిపోయింది అంకుల్” అన్నాడు. “నా చేతికొచ్చినంక ఎప్పుడుండె బిడ్డా?” అని ఐలన్న నిజంగానే తెలియక అడిగాడు. ఆ పిల్లవాడు జాలిపడి చల్లటి నీళ్ల సీసా ఇచ్చి పంపాడు.

అప్పటి నుంచి పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో మెకానిక్ చంద్రకాంతే దిక్కు. నీళ్ల పంపు మార్చాడు, గాస్కెట్ మార్చాడు, ఫ్యానుకు విడిగా స్విచ్ పెట్టాడు. మార్చిన ప్రతిసారీ బండి కొన్నాళ్లు బుద్ధిగా తిరుగుతుంది. ఇక బాగైంది అని ఐలన్న నలుగురికీ చెప్పుకున్న మర్నాడే వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది.

ఈ వారం రెండో షిఫ్టు. ఆడవాళ్లను ఎక్కించుకోవడానికి ఇంకా టైముందని ఐలన్న ముందుగా చంద్రకాంత్ దగ్గరికే వెళ్లాడు. చంద్రకాంత్ మూత తీసి, లోపల వేలు పెట్టి తిప్పి, వేలికంటిన తెల్లటి పొడి చూపించాడు.

“జూడు కాకా. మొదట్ల ఇంటి బోరు నీళ్లు వోసినవు గద, ఆ సున్నమే ఇది. గొట్టాలన్ని వట్టేసుకున్నయ్. ఇంజను దింపి మొత్తం సాఫ్ జెయ్యాలె.”

“ఇప్పుడు ఫిల్టరు ప్లాంటు నీళ్లే వోస్తున్న గదరా.”

“ఇప్పుడు వోస్తే ఏమొస్తది? ముందుగాల్నే పొయ్యాలె. బండి నా కాడ ఇడ్సిపెట్టు, నాలుగు దినాలల్ల చేసిస్త.”

“నాలుగు దినాలు ఇడిస్తే నా జాగల ఇంకోడు వస్తడు. ఎండలు వోనియ్, గప్పుడు దింపుదం.”

చంద్రకాంత్ అతని ముఖం చూశాడు. “గిట్ల పాలిపోయినవేంది? దవాఖానకు వో కాకా, ఇడికెల్లి దగ్గర్నే గద.”

“గ్యాస్ రా. వాము తిన్న.”

ప్రభుత్వ దవాఖాన అక్కడికి దగ్గరే, నిజం. కానీ అందులో చీటీకి ఒక లైను, డాక్టరుకు ఒక లైను, మందులకు ఒక లైను. ఐలన్న ఫోనులో టైము చూసుకుని బండెక్కి, ఆడవాళ్ల కోసం మళ్లీ ఊళ్ల వైపు తిప్పాడు.

బండిలో ఏడు సీట్లు, ఎక్కేది తొమ్మిది మంది. ముందు సీటు రాజవ్వది. అందరిలోకి పెద్దది, ప్యాకింగులో చాలాకాలంగా చేస్తోంది. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఒక తెల్లటి డబ్బా ఉంటుంది, దాని మెడకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. ఊరి ఫిల్టరు ప్లాంటులో పట్టిన ఆ నీళ్లు బండికి మాత్రమే. ఎంత దాహమైనా అందులోవి ఎవరూ తాగకూడదు. కొత్తగా చేరిన నిషిత అనే పిల్ల తెలియక రెండు గుక్కలు తాగితే, ఎప్పుడూ గొంతు పెంచని ఐలన్న ఆ రోజు కసిరాడు. ఆ తర్వాత సిగ్గుపడి ఆ పిల్లకు చెరుకురసం తాగించాడు.

చౌరస్తా దాటేదాకా ముల్లు సగం దగ్గరే ఉంది. రోజూ సీరియల్ కథలు చెప్పుకునే ఆడవాళ్లు ఇవాళ వెనక నుంచి మెడలు చాచి ముల్లునే చూస్తున్నారు. కంది దగ్గర అది కదిలింది. ఐలన్న ఏసీ పక్కనున్న నాబ్ ఎర్రరంగు వైపు చివరిదాకా తిప్పాడు. హీటరు వేస్తే ఇంజను వేడి కొంత బండి లోపలికి వస్తుంది, ఇంజనుకు అంత తెరిపి. మనుషులు ఉడుకుతారు, బండి నడుస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, కాళ్ల దగ్గర నుంచి సెగ కొట్టింది.

“కాకా, ఎండాకాలంల హీటర్ ఏంది కాకా!” అంది నిషిత. “ఫ్యాక్టరీకి మేము గాదు, మా బూడిద వోతది!”

“సైరన్ లోపల వోతే బూడిదకు గూడ హాజరేస్తరు, సప్పుడు జెయ్యకు,” అంది రాజవ్వ. అందరూ నవ్వారు. ఐలన్న కూడా నవ్వాడు కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది.

రుద్రారం ముందర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. లారీల వెనక లారీలు నిలబడిపోయాయి. నిలబడిన బండికి గాలి ఆడదు. ముల్లు ఎర్రగీతకు ఆనుకుంది. ఐలన్న ఇంజను ఆపకుండా దిగాడు. ఆపితే మళ్లీ స్టార్టు కాదన్న భయం. బానెట్ లేపడానికి ఎడమ చెయ్యి సహకరించలేదు, కుడిచేత్తోనే లేపాడు. తువ్వాల పరిచి మూతను కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఆవిరి బుస్సుమంది. వెనక లారీవాడు హారన్ మోగిస్తూ హిందీలో ఏదో తిట్టాడు. రాజవ్వ డబ్బా అందించింది. సన్నటి ధారగా నీళ్లు పోసి, సగం పోశాక చెయ్యి ఆపాడు.

“మొత్తం పొయ్యరాదు తమ్మీ?”

“వాపస్ వొయ్యేటప్పుడు కావాలె అక్కా.”

రాజవ్వ అతన్ని పరికించి చూసింది. నుదుటి నుంచి గడ్డం దాకా ధారలు కారుతున్నాయి, అంగీ వీపుకు అంటుకుపోయింది. “గీ చెమటలేంది? జెర నువ్వు గూడ తాగు.”

“హీటర్ అక్కా. మీకు పోస్తలేదా?”

అవును, ఆమెకూ పోస్తున్నాయి. వెనక ఎనిమిది మందికీ కొంగులు తడిసిపోయాయి. వాళ్లు తెచ్చుకున్న సీసాలన్నీ అప్పటికే ఖాళీ. రాజవ్వ మళ్లీ డబ్బా ముందుకు చాపింది. “గుక్కెడు నీళ్లకు బండేం కరగదు.”

“అది బండిది,” అన్నాడు ఐలన్న, మూత బిగిస్తూ. గొంతు పిడచకట్టుకుపోయి మాట సరిగా రాలేదు.

లారీలు కదిలాయి. ఇస్నాపూర్ వచ్చింది. అక్కడి నుంచి ఫ్యాక్టరీల రోడ్డు, గుంతలు, ఎదురుగా ట్యాంకర్లు. ముల్లు ఎర్రగీత దాటింది. “ఒక్క మలుపు,” అన్నాడు ఐలన్న, బండితోనో తనతోనో. స్టీరింగును కుడిచేత్తో తిప్పుతున్నాడు, ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది. రాజవ్వ పోశమ్మకు మొక్కుకుంది. నిషిత కిటికీలోంచి సగం బయటికి వంగి, సైకిళ్లు అడ్డం వస్తే “జరుగుండ్రి, జరుగుండ్రి!” అని అరుస్తోంది. నీలంరంగు గేటు కనిపించగానే బండంతా ఒక్కసారి కేకేసింది.

గేటు దగ్గర రాజశేఖర్ నిలబడి ఉన్నాడు. ఆడవాళ్లు దూకినట్టే దిగి, కొంగులతో ముఖాలు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తారు. చివరి మనిషి గేటు దాటాక సైరన్ మోగింది. రాజశేఖర్ బండి ముందు అద్దానికి వేలాడుతున్న గేట్‌పాస్ వైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. అక్కర్లేదు, ఉండనీ అని. ఐలన్న దండం పెట్టబోయాడు, ఒక చెయ్యే లేచింది.

గోడ పక్కన వేపచెట్టు నీడలో బండి పెట్టి, ఇంజను ఆపాడు. ఫ్యాను మాత్రం తిరగనిచ్చాడు. కాసేపు తిరిగితే ఇంజను నెమ్మదిగా చల్లారుతుంది, ఆ తర్వాత స్విచ్ తీసేయాలి. రోజూ చేసేదే. సీటు వెనక్కి వాల్చుకున్నాడు. రాజవ్వ సీటు కింద పెట్టి వెళ్లిన డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది. దాహంగా ఉంది. గేటు లోపలున్న నల్లా దగ్గర తాగొచ్చు, జెర ఆగి పోదాం అనుకున్నాడు. చేరాం, సైరన్ లోపలే చేరాం. ఆ సంతోషం ఇంత వేడిలోనూ అతనికి చల్లగా తగిలింది. సంగమ్మకు ఫోను చేసి చెప్పాలి. ముల్లు ఎర్రగీత నుంచి కిందికి దిగుతుంటే చూస్తూ కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం చాయ్ వేళకు రాజశేఖర్ గేటు బయటికి వచ్చాడు. వేపచెట్టు కింద ఫ్యాను ఇంకా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికే నీరసపడి, కొట్టుకుంటూ తిరుగుతోంది. “ఐలన్నా, బ్యాటరీ దిగిపోతది, ఏం నిద్ర!” అంటూ వచ్చి కిటికీలోంచి భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. తల పక్కకు వాలిపోయింది. ఆ తర్వాత రెండు చేతులూ తల మీద పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

రాజవ్వను ప్యాకింగు లైను మీది నుంచి పిలిపించారు. తలకు టోపీ, చేతులకు తొడుగులు అలాగే ఉన్నాయి. ఏడుస్తూనే, తనను ఎవరూ ఏమీ అనకముందే సంజాయిషీ చెప్పుకుంది.

“చెమటలు వోసుడు సూసిన సార్. హీటర్ అన్నడు. మా అందరికి గట్లనే వోసినయ్ గద సార్. ఎట్ల ఎర్క అయితది?”

మర్నాడు బండిని తీసుకుపోవడానికి చంద్రకాంత్ వేరే బ్యాటరీ తెచ్చాడు. డ్రైవరు తలుపు తీసి, సీటులో కూర్చోలేక కాసేపు అక్కడే నిలబడ్డాడు. గేట్‌పాస్ అద్దానికి వేలాడుతూనే ఉంది. చివరికి కూర్చుని తాళం తిప్పితే బండి మొదటి దెబ్బకే స్టార్టయింది. ఇస్నాపూర్ దాటినా ముల్లు సగం దగ్గరే బుద్ధిగా నిలబడింది. దారిలో ఎందుకైనా మంచిదని నీళ్ల కోసం పక్క సీటు కింద చెయ్యి పెట్టి వెతికితే, మెడకు ఎర్రగుడ్డ కట్టిన డబ్బా తగిలింది, అందులో సగానికి నీళ్లు అలాగే ఉన్నాయి.